పరిశోధకుని ఫలసాయమును కొలుచుట యెట్లు?

ముసునూరు ప్రాంతమున మామిడి కోతల కాలము వచ్చినదన్న తోటలలో వినవచ్చు ప్రశ్నలు రెండే. ‘ఈ యేడు దిగుబడి యెంత?’ అనునది మొదటిది. ‘ధర యెంత పలికినది?’ అనునది రెండవది. ఈ రెండంకెలును తెలిసినచో తోట సంగతి యంతయు తెలిసినట్లేయని పైవారు తలంతురు. తోటలో పుట్టి పెరిగినవారికి మాత్రము అది సగము సత్యమేయని తెలియును. కలెక్టరు కాయ బరువు తూగును. గుజ్జు తీయు కర్మాగారములకు పోవును. చిన్నరసము బరువున వెనుకబడినను, ఇంటివారు తమ పిల్లలకై గడ్డిలో మాగవేసి దాచుకొనునది దానినే. తక్కెడ అబద్ధమాడదు, కాని అది చెప్పునది బరువును గూర్చి మాత్రమే, రుచిని గూర్చి కాదు.

ఇట్టి రెండంకెల లెక్క నేడు విద్యాలోకములోనికిని వచ్చినది. ‘ఫలానా ఆచార్యులు ఇన్ని వందల పరిశోధనా వ్యాసములు ప్రకటించిరి, వానికి ఇన్ని వేల ఉల్లేఖములు వచ్చినవి’ అని పత్రికలలో చదువుచున్నాము. నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ నెలకొన్న తరువాత చుట్టుపట్ల గ్రామములలోని తలిదండ్రులకును ఇట్టి మాటలు క్రొత్త కాకపోయినవి. పిల్లవాడు పై చదువునకు ఎవరి వద్ద చేరవలెను, పరిశోధనకు ఏ శాఖను ఎన్నుకొనవలెను అను ఆలోచనలో ఈ అంకెలు ముందునకు వచ్చుచున్నవి. ఉద్యోగములు, పదోన్నతులు, ధనసహాయములు కూడ వీనిపై ఆధారపడుట కలదు. కావున ఆ అంకెలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పజాలవో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరమే.

ఉల్లేఖమనగా నేమి? న్యాయస్థానమున వకీలు వాదించునపుడు, పూర్వము ఫలానా న్యాయమూర్తి ఇట్లు తీర్పు చెప్పియున్నారని చూపును. శాస్త్రజ్ఞుడును తన వ్యాసమును వ్రాయునపుడు, తాను ఏ పూర్వుల పనిపై ఆధారపడెనో వారి వ్యాసములను పేర్కొనును. ఒక వ్యాసమును తరువాతివారు ఎన్నిమారులు పేర్కొనిరో అన్ని ఉల్లేఖములు దానికి వచ్చినవని అర్థము. ఈ న్యాయస్థానపు పోలిక మేము ఊరక తెచ్చినది కాదు. ఏ తీర్పును తరువాతి తీర్పులు పేర్కొన్నవో చూపు సూచికను అమెరికాలో ఫ్రాంక్ షెపర్డు అనునతడు 1873లోనే ప్రారంభించెను. యూజీన్ గార్ఫీల్డు అను అమెరికా విద్వాంసుడు అట్టి సూచిక శాస్త్రములకును ఉండవలెనని 1955లో ప్రతిపాదించి, 1960ల మొదటి భాగమున దానిని పుస్తకరూపమున వెలువరించెను. సంబంధించిన వ్యాసములను వెదకి పట్టుకొనుటయే దాని మొదటి ప్రయోజనము. మనుష్యులను తూచు తక్కెడగా అది మారుట తరువాతి కథ.

2005లో జార్జి హిర్ష్ అను కాలిఫోర్నియా భౌతిక శాస్త్రజ్ఞుడు వ్యాసముల సంఖ్యను, ఉల్లేఖముల సంఖ్యను కలిపి ఒకే అంకెగా చేయు ఉపాయమును చెప్పెను. దీనిని హెచ్-సూచిక అందురు. తోట భాషలో చెప్పిన సులభముగా తెలియును. ఒక రైతు తోటలో పండ్రెండు చెట్లు ఉండి, ఒక్కొక్కటియు పండ్రెండేసి గంపల కాయ నిచ్చినదనుకొందము. ఆ తోట సూచిక 12. మొత్తము కాయ 144 గంపలు. మరియొక రైతుకు ఉన్నవి మూడే చెట్లు. అవి వరుసగా 100, 80, 60 గంపల నిచ్చినవి. మొత్తము 240 గంపలు. అయినను చెట్లు మూడే గనుక సూచిక 3 మాత్రమే. ఎక్కువ కాయ నిచ్చిన తోటకు తక్కువ అంకె వచ్చినది. సూచిక తప్పు లెక్క కాదు. ‘నిలుకడగా కాయు చెట్లెన్ని?’ అను ప్రశ్నకే అది జవాబు చెప్పుచున్నది. మనము ‘ఎవరు గొప్ప?’ అని అడిగి, ఆ జవాబునే దీనికిని అంటగట్టినచో తప్పు మనదే.

ఇక ఒకే పరిశోధకుడు రెండు శాఖలలో పనిచేసినచో చిక్కు ఇంకను పెరుగును. వ్యాయామ శాస్త్రమును, నానో సాంకేతికమును తీసికొందము. మొదటిది పరుగు, ఈత, బరువులెత్తుట వంటి శ్రమలో దేహమున జరుగు మార్పులను పరిశీలించును. పరీక్షకు ఒప్పుకొను మనుష్యులు కావలెను. వారిని వారములకొలది, నెలలకొలది గమనింపవలెను. రెండవది మిల్లీమీటరులో పదిలక్షవ వంతైన నానోమీటరుల లెక్కలో పదార్థములను మలచు విద్య. నానో యూరియా సీసాను మన రైతులు చూచియే ఉందురు. ఈ శాఖలో ప్రపంచమంతట పనిచేయువారు అనేకులు. ఒక్కొక్క వ్యాసమునకు రచయితలును పలువురు. వ్యాసములు త్వరత్వరగా వెలువడును. ఒకరినొకరు పేర్కొనుటయు అధికము. ఈ రెండు శాఖల అంకెలను ఒకే తక్కెడలో వేయుట చిన్నరసమును, కలెక్టరు కాయను ఒకే ధరకు అమ్ముట వంటిది.

ఈ విషయమును గాలిలో చర్చించుటకంటె, మన పొరుగు జిల్లాలోనే పుట్టిన ఒక మహనీయుని లెక్కను విప్పి చూచుట మేలు. ఆయన కృషి ఒకవైపు వ్యాయామ శాస్త్రపు పునాదులలోను, మరియొకవైపు నేటి నానో ఔషధముల ప్రయోగశాలలలోను కానవచ్చును. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. స్వదేశీ భావముతో ఖద్దరు ధరించినందులకు ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి వైద్యపట్టమునకు బదులు తక్కువ పట్టమునే పొందిరని వారి జీవిత చరిత్ర చెప్పుచున్నది. 1920ల ప్రారంభమున అమెరికాకు పోయి, ఆసుపత్రిలో చిల్లర పనులు చేసి పొట్ట పోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద జీవరసాయన పరిశోధనకు పూనుకొనిరి.

వారి మొదటి గొప్ప వ్యాసము 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ యందు వెలువడెను. దాని విషయము రక్తములోను, మూత్రములోను ఉండు భాస్వరమును కొలుచు విధానము. ఆ ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును చేర్చవలెను. ఫాస్ఫేటు రూపమున నున్న భాస్వరము దానితో కలియును. పిమ్మట మరియొక రసాయనమును చేర్చగా నీలిరంగు పుట్టును. భాస్వరమెంత యున్నదో రంగు అంత చిక్కన. తెలిసిన కొలతగల ద్రవపు రంగుతో దీనిని పోల్చి చూచినచో లెక్క తేలును. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఏ దేశమునందైనను, ఏ ప్రయోగశాలయందైనను చేయవచ్చును. అందుచే ఈ వ్యాసము జీవరసాయన శాస్త్రమున వేలకొలది ఉల్లేఖములను పొందినది. శతాబ్ది గడచినను ‘ఫిస్కే-సుబ్బారావు విధానము’ అను పేరు విద్యార్థుల ప్రయోగ పుస్తకములలో నిలిచియున్నది.

ఇచట పాఠకులు ఒక సంగతిని గమనింపవలెను. మిక్కిలిగా ఉల్లేఖింపబడునవి మహా సిద్ధాంతములు కావు. నిత్యము చేతికందు పనిముట్లు. 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు ప్రోటీనును కొలుచు విధానమును గూర్చి వ్రాసిన వ్యాసమునకు 2014 నాటికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖములు వచ్చియుండెను. అదేమంత గొప్ప వ్యాసము కాదని లౌరీగారే ఒప్పుకొనిరి. కొడవలి లేనిదే కోత లేదు. అంత మాత్రమున కొడవలి విత్తనముకంటె గొప్పది కాదు. ఉల్లేఖముల అంకె వాడుకను చూపును.

అయినను ఆ పనిముట్టు సుబ్బారావుగారి చేతిలోనే విత్తనమైనది. కండరమునుండి తీసిన రసమును తమ విధానముతో పరీక్షించుచుండగా వారికొక వింత కనబడెను. మామూలు ఫాస్ఫేటుతో త్వరగా ఏర్పడవలసిన నీలిరంగు ఇచట మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. పరీక్షలో లోపమని త్రోసివేయవచ్చును, వారు త్రోసివేయలేదు. కండరములో భాస్వరము మరియొక పదార్థముతో కూడియున్నదనియు, ఆమ్లము తగులగా ఆ కూడిక క్రమముగా విడిపోవుచున్నదనియు గ్రహించిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. 1927లో ఈ సంగతిని ఫిస్కే, సుబ్బారావుగారలు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ స్వతంత్రముగా ఇట్టి పదార్థమును కనుగొనిరి. 1929లో ఫిస్కే, సుబ్బారావుగారలు కండరమునుండి వేరుచేసిన ఏటీపీ అను పదార్థమును గూర్చి ప్రకటించిరి. జర్మనీలో కార్ల్ లోమాన్ ఆ సంవత్సరమే వేరుగా దానిని కనుగొనియుండెను.

వీని ప్రాముఖ్యమేమి? అంతవరకు కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే మూలమని శాస్త్రలోకము నమ్ముచుండెను. ఆ విషయమై పరిశోధించిన హిల్, మైయర్‌హాఫ్ అనువారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును ఇచ్చిరి. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము కొంతసేపు పనిచేయుననియు, అప్పుడు ఖర్చగునది ఫాస్ఫోక్రియాటినుయనియు నిరూపించెను. నేటి అవగాహన ప్రకారము కండరపు పనికి నేరుగా శక్తినిచ్చునది ఏటీపీ. అది కండరములో కొద్ది సెకండ్ల పనికి మాత్రమే చాలును. ఖర్చైనదానిని తక్షణము భర్తీచేయునది ఫాస్ఫోక్రియాటిను. కబడ్డీ ఆటగాడు గీత దాటి ఒక్క ఉదుటున వెనుకకు దుమికినపుడు, నూరు మీటర్ల పందెగాడు తుపాకి చప్పుడుతో లేచినపుడు, బస్తాను ఒక్క ఊపున భుజమున కెత్తుకొనునపుడు దేహము మొదట వాడుకొనునది ఈ నిలువ ధనమునే. స్వీడను దేశపు హుల్ట్‌మన్, బెర్గ్‌స్ట్రోమ్ మొదలైనవారు 1960లలో శ్రమ చేయుచున్న మనుష్యుల కండరమునుండి సూదితో చిన్న ముక్క తీసి, ఈ పదార్థములు తరిగి మరల పెరుగుటను కొలిచిరి. నేడు వ్యాయామశాలలలో యువకులు నీటిలో కలిపి త్రాగుచున్న క్రియాటిను పొడికిని ఈ జ్ఞానమే ఆధారము.

అయితే నేడు ఏటీపీని గూర్చి వ్రాయువారు 1929 నాటి వ్యాసమును పేర్కొనుచున్నారా? చాల అరుదు. భూమి గుండ్రముగా నున్నదని చెప్పుటకు ఎవరును సాక్ష్యము చూపరు కదా! జ్ఞానము అందరి సొత్తైన పిమ్మట దాని కర్త పేరు రాలిపోవును. రాబర్ట్ మెర్టన్ అను సమాజ శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తించి, కలిసిపోవుటచేతనే పేరు మాసిపోవుట జరుగుచున్నదని వివరించెను. అనగా ఒక స్థాయి దాటిన పిదప, పని ఎంత గొప్పదైనచో ఉల్లేఖములు అంత తగ్గును.

ఇక నానో సాంకేతికమునకు వత్తము. 1960లలో ఇంగ్లండున అలెక్ బాంగమ్, ఆయన సహచరులు కొవ్వుజాతి పదార్థములతో ఏర్పడు అతి సూక్ష్మమైన సంచులను వర్ణించిరి. వీనిని లైపోసోములందురు. వీనిలో మందును నింపి రోగమున్న చోటికి చేర్చవచ్చును. సుమారు 100 నానోమీటర్ల పరిమాణముగల ఇట్టి సంచులలో నింపిన క్యాన్సరు మందునకు 1995లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చెను. ఈ సంచుల కొవ్వు అణువులలో భాస్వరము కలదు. కావున భాస్వరమును కొలిచినచో సంచుల పదార్థమెంతయో తెలియును. ఆ కొలతకు పలు ప్రయోగశాలలు వాడునది 1959లో బార్ట్‌లెట్ ప్రకటించిన విధానము. అది ఫిస్కే-సుబ్బారావు విధానమునకు చేసిన సవరణయే. వాడువారు పేర్కొనునది బార్ట్‌లెట్‌ను. అంటు కట్టిన కొమ్మకు పేరు వచ్చినది; నేలలోని వేరు లెక్కకు రాలేదు.

మరియొక సంబంధము కూడ కలదు. కొన్ని క్యాన్సరు కణములు ఫోలిక్ ఆమ్లమును మిక్కిలిగా గ్రహించును. అందుచే నానో కణములకు ఫోలిక్ ఆమ్లమును తగిలించి, మందును ఆ కణములకే చేర్చవలెనని పరిశోధకులు యత్నించుచున్నారు. ఆ ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో నిర్మించినది సుబ్బారావుగారు 1940లో చేరి, పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లీ సంస్థవారే. 1945లో దానిని ప్రకటించిన వ్యాసమునకు పదిమందికి పైగా రచయితలు. వారి నడుమ ఎక్కడనో సుబ్బారావుగారి పేరు.

ఇంతవరకు చెప్పినవి ఏదో యొక విధముగా లెక్కలోనికి వచ్చినవి. లెక్కకు రానివి ఇంకను కలవు. 1948లో సిడ్నీ ఫార్బర్ అను బోస్టను వైద్యుడు, పిల్లల రక్త క్యాన్సరు అమినాప్టెరిన్ అను మందుచే కొంతకాలము అణగుటను ప్రకటించెను. నేటి క్యాన్సరు ఔషధ చికిత్సకు అది తొలి మెట్లలో నొకటి. ఆ మందు సుబ్బారావుగారి బృందమునుండి వచ్చినది. వ్యాసమునకు రచయితలైదుగురు, వారిలో సుబ్బారావుగారు లేరు. అదే సంవత్సరమున వారి నాయకత్వమున నున్న సంస్థనుండి ఆరియోమైసిన్ వెలువడెను. దానిని ప్రకటించినది బెంజమిన్ డగ్గర్. 1947లో వారి బృందము హెట్రజాను అను బోదకాలు మందును ప్రకటించెను. మన దేశమున 2004నుండి బోదకాలు నివారణకై పలు జిల్లాలలో ప్రజలందరికిని ఏటేట పంచిన డీఈసీ మాత్ర అదియే. మన కోస్తా గ్రామములలో దానిని మ్రింగినవారు లక్షలు. మాత్ర మ్రింగినవారెవ్వరును ఉల్లేఖము వ్రాయరు.

పేరు విషయమున మరియొక చిక్కు. హార్వర్డునాటి ఆ మూడు వ్యాసములలోను మొదటి పేరు ఫిస్కేది. గార్ఫీల్డు సూచికలో పేర్కొనబడిన వ్యాసము మొదటి రచయిత పేరుననే చేర్చబడుచుండెను. కావున రెండవ పేరుగల సుబ్బారావుగారిని వెదకిన వానికి ఆ పుటలో వారు దొరకరు. పైగా మన ఇంటిపేరు ముందుండును. పాశ్చాత్యుల ఇంటిపేరు వెనుకనుండును. అందుచే యల్లాప్రగడ ఒక పొడి అక్షరమై, సుబ్బారావు ఇంటిపేరైనది. అదియు ఇంగ్లీషున ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి వ్రాయబడినది. నేటి తెలుగు పరిశోధకులకును ఈ బాధ కలదు. దీనిని తప్పించుటకు 2012నుండి ఆర్కిడ్ అను పదునారంకెల గుర్తు వాడుకలోనికి వచ్చినది. పరిశోధనకు పోవు ప్రతి విద్యార్థియు మొదటినాడే దానిని పొందుటయు, తన పేరును ఎల్లప్పుడు ఒకే తీరున వ్రాయుటయు మేలు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కున మరణించిరి. నోబెల్ బహుమానము వారికి రాలేదు. హార్వర్డున వారి సమకాలికుడై, 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములు ఆనాడు వెలుగు చూడకపోవుటచే ఇతరులు వానిని మరల కనుగొనవలసి వచ్చినదని చెప్పెను. వెలుగు చూడని పనికి ఏ సూచికయు మార్కు వేయజాలదు.

అట్లని అంకెలు వ్యర్థమని మేము చెప్పుట లేదు. ఒక వ్యాసమును ఎవరు, ఎక్కడ, ఎందులకు వాడుకొనిరో తెలిసికొనుటకు ఉల్లేఖముల సూచిక దివ్యమైన సాధనము. నూరేండ్లనాటి భాస్వరపు పరీక్ష నేటి నానో ప్రయోగశాలకు ఎట్లు చేరినదో అట్టి అడుగుజాడలవలననే పట్టుకొనగలము. కాని అంకెయే గమ్యమైనపుడు దానిని పెంచుకొను మార్గములు పుట్టును. తమ వ్యాసములను తామే పేర్కొనుట, మిత్రులు ఒకరినొకరు పేర్కొనుట, పని చేయనివారి పేరు చేర్చుట, తుదకు డబ్బిచ్చి వ్యాసములు కొనుట వరకు వచ్చినది. 2023 ఒక్క సంవత్సరముననే ప్రపంచమున పదివేలకు పైగా వ్యాసములను పత్రికలు ఉపసంహరించుకొనినవి. పత్రిక పేరునుబట్టి, అంకెలనుబట్టి పరిశోధకుని విలువ కట్టరాదని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు, సంపాదకులు ప్రకటన సిద్ధపరచుటకు కారణమిదియే.

కావున ఎవరైనను పెద్ద అంకె చెప్పినపుడు మన గృహములవారు నాలుగు ప్రశ్నలు వేయుట చాలును. ఏ శాఖలో ఈ అంకె? ఆ శాఖలోని తక్కినవారి అంకెలెంత? వ్యాసములలో ఈయన స్వయముగా చేసిన పని యేది? ఆ పనిని ఎవరు, దేనికి వాడుకొనిరి? ఈ నాలుగింటికి తృప్తికరమగు జవాబు వచ్చినచో, అంకె చిన్నదైనను ఆ గురువు వద్దకు పిల్లవానిని నిశ్చింతగా పంపవచ్చును. జవాబు రానిచో, అంకె ఎంత పెద్దదైనను తొందరపడి ఒప్పుకొనరాదు. నీలిరంగు ఆలస్యముగా వచ్చుటను చూచి, ఎందుకిట్లని ఆగి ఆలోచించు గుణము ఏ పట్టికలోను కనబడదు. మన పిల్లలకు అలవరచవలసినది ఆ గుణమే.